పేరుంది, నంబరు లేదు

గ్రహశకలాలకు పేరు పెట్టడంలో ఖగోళ శాస్త్రజ్ఞులు పాటించే వరస ఒకటుంది. కొత్త చుక్క కనబడగానే దానికొక తాత్కాలిక గుర్తు ఇస్తారు. అది ఏ దారిన తిరుగుతోందో లెక్క తేలి, ఇక తప్పిపోదన్న నమ్మకం కుదిరాక శాశ్వత నంబరు ఇస్తారు. నంబరు వచ్చాకే పేరు. మన ఇళ్లలో ముందు బారసాల, తర్వాత ఆధార్ కార్డు, అక్కడ తలకిందులు. ఈ వరస తప్పి, దశాబ్దాల తరబడి ఒట్టి పేరుతోనే నెట్టుకొచ్చిన రాయి హెర్మెస్. గ్రీకు పురాణాల్లో ఆ పేరు దేవతల వార్తాహరుడిది. 1937లో ఐదు రోజులపాటు కనబడి మాయమైన ఆ రాయికి నంబరు దక్కడానికి 66 ఏళ్లు పట్టింది. ఇప్పుడు జాబితాలో దాని నంబరు 69230. ఆ అరవయ్యారేళ్ల కథ చూస్తే, ఆకాశంలో ఒక వస్తువును ‘కనుక్కోవడం’ అని మనం దేన్ని అంటున్నామో మళ్లీ ఆలోచించుకోవాల్సి వస్తుంది. పుస్తకాల్లో కనుక్కున్నవాడి పేరు పక్కన ఒక తేదీ ఉంటుంది. నిజానికి అది కనబడిన తేదీ. కనబడటం ఒక రాత్రిలో అయిపోతుంది. కనుక్కోవడం లెక్కతో అయ్యే పని, ఆ లెక్క ఒక్కోసారి చూసినవాడి జీవితకాలంలో తెగదు. హెర్మెస్‌ను చూసిన కార్ల్ రైన్‌ముత్ 1979లో పోయారు. అప్పటికి ఆ రాయి ఎక్కడుందో లోకంలో ఎవరికీ తెలియదు.

రైన్‌ముత్ జర్మనీలోని హైడెల్‌బర్గ్ నగరం పక్కన కోనిగ్‌ష్టూల్ కొండమీది వేధశాలలో పనిచేసేవారు. దాదాపు నాలుగు వందల గ్రహశకలాలు ఆయన ఖాతాలో ఉన్నాయి. ఆ పని జరిగే తీరు సాదాసీదాగా ఉంటుంది. మందు పూసిన గాజు పలకను టెలిస్కోపుకు అమర్చి, నక్షత్రాలు ఎంత కదిలితే గొట్టమూ అంతే కదిలేలా గంటల తరబడి తిప్పుతారు. పలక కడిగాక నక్షత్రాలు నల్లటి చుక్కలుగా తేలతాయి. వాటి మధ్య తన దారిన తాను జరిగిపోతున్న గ్రహశకలం మాత్రం చిన్న గీత గీస్తుంది. పొద్దున కూచుని భూతద్దంతో వేల చుక్కల నడుమ ఆ గీతను వెతకాలి. 1937 అక్టోబరు 28 నాటి పలక మీద రైన్‌ముత్‌కు దొరికిన గీత మామూలు గీతల కంటే బాగా పొడుగ్గా ఉంది. గీత పొడుగంటే రాయి మనకు దగ్గరగా ఉందని అర్థం. రెండు రోజుల తర్వాత, అక్టోబరు 30న, అది భూమికి సుమారు 7.4 లక్షల కిలోమీటర్ల దూరంలో దాటిపోయింది. చంద్రుడి దూరానికి రెట్టింపు కూడా కాదు. ఒక గ్రహశకలం అంత దగ్గరికి రావడం అప్పటిదాకా ఎవరూ చూడలేదు; ఆ తర్వాత కూడా, 1989లో మరొకటి ఇంకాస్త దగ్గరగా పోయేదాకా, అర్ధ శతాబ్దం పాటు ఆ రికార్డు అలాగే ఉంది. దాటిన వెంటనే అది సూర్యుడి వైపు, అంటే పగటి ఆకాశంలోకి, జారిపోయింది. జర్మనీ, అమెరికా, దక్షిణాఫ్రికాల్లో తీసిన పలకలన్నీ వెతికి పోగుచేస్తే ఐదు రోజుల జాడ మిగిలింది. అంతకు మించి ఏమీ లేదు.

ఐదు రోజుల జాడ ఎందుకు చాలదో కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే కథ మొత్తం దాని మీదే నిలబడి ఉంది. ఏ కక్ష్యనైనా చెప్పడానికి ఆరు అంకెలు కావాలి: దీర్ఘవృత్తం ఎంత పెద్దది, ఎంత సాగింది, ఎంత వాలింది, ఎటు తిరిగి ఉంది లాంటివి. పలక ఇచ్చేదేమో దిక్కు మాత్రమే. దూరం ఇవ్వదు. కొన్ని రాత్రుల దిక్కులను బట్టి ఆరు అంకెలనూ రాబట్టాలి. మలుపు తిరిగే బాటలో పది గజాలు చూసి, ఆ బాట ఏ ఊరికి పోతుందో చెప్పమన్నట్టు. హెర్మెస్ సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగడానికి 777 రోజులు పడుతుందని ఇప్పుడు మనకు తెలుసు. ఆ అంకెలో నాలుగు రోజులు తేడా వచ్చిందనుకుందాం. ఒక చుట్టుకు నాలుగు రోజులు, పది చుట్లకు నలభై. నలభై రోజుల్లో అలాంటి రాయి ఆకాశంలో ఏ మూలకు పోయి ఉంటుందో చెప్పడం కష్టం. గొట్టం పెట్టి చూసిన చోట ఖాళీ ఆకాశమే ఉంటుంది. పైగా అది భూమి పక్కనుంచి, శుక్రుడి పక్కనుంచి పోయే రాయి. పోయిన ప్రతిసారీ ఆ గ్రహం దాని దారిని కాస్త వంచుతుంది. ఎంత వంచుతుందన్నది ఎంత దగ్గరగా పోయిందన్న దాని మీద ఆధారపడుతుంది. ఆ దగ్గరతనంలో చిన్న పొరపాటు, తర్వాతి చుట్టులో పెద్ద పొరపాటు. వడ్డీ మీద వడ్డీ పడ్డట్టు పెరుగుతుంది.

ఇక్కడ చరిత్ర తెలిసినవారు ఒక మాట అడగొచ్చు. 1801లో సిరీస్ అనే గ్రహశకలాన్ని జ్యుసెప్పె పియాజ్జి పలెర్మోలో 41 రోజులే చూశారు కదా, ఆ తర్వాత అది సూర్యకాంతిలో కలిసిపోతే, 24 ఏళ్ల గణిత శాస్త్రజ్ఞుడు గౌస్ కాగితం మీద లెక్క కట్టి ఎక్కడ వెతకాలో చెప్పారు కదా, ఏడాది తిరగకముందే ఆ చోటే దొరికింది కదా, మరి హెర్మెస్ విషయంలో ఆ పద్ధతి ఏమైంది అని. పద్ధతి మారలేదు, రాయి మారింది. సిరీస్ కుజుడికీ గురుడికీ మధ్య ఉండే వెడల్పాటి వీధిలో, ఎవరినీ రాసుకోకుండా తన మానాన తాను తిరిగే పెద్దమనిషి. 41 రోజుల జాడతో దాన్ని పట్టుకోవచ్చు. హెర్మెస్ దీర్ఘవృత్తం ఒక చివర శుక్రుడి కక్ష్య లోపలికి, మరో చివర కుజుడి కక్ష్యకు చాలా ఆవలికి సాగుతుంది. గౌస్ విజయాన్ని పాఠ్యపుస్తకాలు ఎంతగా మెచ్చుకున్నాయంటే, మూడు నాలుగు పరిశీలనలుంటే ఏ కక్ష్యనైనా తేల్చేయొచ్చనే భ్రమ ఒకటి మిగిలిపోయింది. తేల్చడం వేరు, తేలినదాన్ని అరవయ్యేళ్ల పాటు నమ్ముకోవడం వేరు.

లెక్క కట్టేవారి వృత్తికి కూడా తనదైన చరిత్ర ఉంది, దాన్ని దుర్భిణుల చరిత్ర పూర్తిగా కప్పేసింది. 1937లో గ్రహశకలాల పద్దులు బెర్లిన్ శివారు దాలెంలోని గణన సంస్థ చూసేది. సంవర్గమానాల పట్టికలు, పిడి తిప్పే లెక్కల యంత్రాలు, నిలువు గళ్ల కాగితాలు, ఇవీ వారి సరంజామా. ఒక్క రాయికి ఒక్క ఏడాది పట్టిక వేయడానికి రోజులు పట్టేది. మన పంచాంగ గణకుల మాదిరే, గ్రహం రేపు ఎక్కడుంటుందో ఇవాళ చెప్పడమే వారి పని, దాని తప్పొప్పులు ఆకాశమే తేల్చేది. యుద్ధం ఆ పద్దులను చెల్లాచెదురు చేసింది. యుద్ధం ముగిసేసరికి చాలా రాళ్ల పట్టికలు పాతబడిపోయాయి. 1947లో అమెరికాలోని సిన్సినాటి వేధశాలలో పాల్ హెర్గెట్ కొత్త కేంద్రం తెరిచి, పంచ్ కార్డుల మీద ఆ లెక్కలన్నీ మళ్లీ కట్టడం మొదలుపెట్టారు. ముందు ముందు ఏ రాయి ఎక్కడ కనబడుతుందన్న వార్షిక పట్టికలను లెనిన్‌గ్రాడ్‌లో అచ్చువేసేవారు. అంటే ప్రచ్ఛన్న యుద్ధంలో అటో కాలు ఇటో కాలు వేసి నడిచిన అతి కొద్ది వ్యవహారాల్లో గ్రహశకలాల పద్దు ఒకటి. 1978లో సిన్సినాటి కేంద్రం మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జికి మారింది, బ్రయన్ మార్స్‌డెన్ దాని పెద్ద అయ్యారు. ఈ కేంద్రాల బల్లల మీదే పోయిన రాళ్ల జాబితా ఉండేది. రైన్‌ముత్ 1932లో చూసిన అపోలో 1973లో దొరికింది. 1936 నాటి అడోనిస్ 1977లో దొరికింది. 1911లో వియన్నాలో యోహాన్ పాలిసా చూసిన ఆల్బర్ట్ 2000లో. నంబరు ఉండి కూడా తప్పిపోయినవాటిలో ఆల్బర్ట్‌దే చివరి వంతు. ఇవన్నీ భూమి దరిదాపులకు వచ్చే రకమే కావడం కాకతాళీయం కాదు. దగ్గరికి వచ్చేవే వేగంగా కనబడి వేగంగా పోతాయి, వాటి దారులే ఎక్కువ వంగుతాయి. మనకు ఎక్కువ అవసరమైనవే ఎక్కువగా తప్పిపోయాయి.

లెక్కకు మూలధనం జాడ. జాడ ముందుకు దొరకనప్పుడు వెనక్కి వెతకొచ్చు. ఈ కిటుకు మొదటిసారి ఘనంగా పనిచేసింది ఈరోస్ విషయంలో. 1898 ఆగస్టులో బెర్లిన్‌లో గుస్టావ్ విట్ పలక మీద అది గీతగా కనబడింది. భూమికి అంత దగ్గరగా వచ్చే గ్రహశకలం అప్పటికి మరొకటి తెలియదు. ఖగోళ శాస్త్రజ్ఞుడు సెత్ చాండ్లర్ దాని దారిని వెనక్కి లెక్కించి, ఏయే ఏళ్లలో ఎక్కడ ఉండి ఉంటుందో పట్టిక వేశారు. హార్వర్డ్ వేధశాలలో విలియమినా ఫ్లెమింగ్ పాత పలకల బీరువాలు తెరిచి వెతికారు. 1893, 1894, 1896 నాటి పలకల మీద ఈరోస్ ఉంది. ఎవరూ గమనించని గీతలుగా, ఏళ్ల తరబడి చీకటి గదిలో ఉండిపోయింది. 1894 మొదట్లో అది భూమికి చాలా దగ్గరగా వచ్చి పోయిందన్న సంగతీ అప్పుడే బయటపడింది. ఇంటి పనికి చేరి, వేధశాలలో లెక్కలు నేర్చి, వేలాది పలకల బాధ్యత మోసిన ఫ్లెమింగ్‌కు ఈరోస్ కథలో సాధారణంగా ఒక వాక్యం దక్కుతుంది. విట్ కనబడినదాన్ని చూశారు. అది అంతకుముందే ఐదేళ్లుగా కనబడుతూనే ఉందని తేల్చింది ఆమె. రెండోది తక్కువ పని అని నేననుకోను.

పలక మీద గీత ఉంటే సరిపోదు, అది ఎక్కడుందో చెప్పడానికి పక్కనున్న నక్షత్రాల స్థానాలు తెలియాలి. ఇక్కడ హైదరాబాదుకు ఒక వాటా ఉంది. 1887లో పారిస్‌లో ఖగోళ శాస్త్రజ్ఞులు ఆకాశాన్ని పట్టీలుగా కోసి, ఒక్కో వేధశాలకు ఒక్కో పట్టీ పంచి, అందరూ ఒకే రకం టెలిస్కోపుతో ఫొటోలు తీసి కొలవాలని తీర్మానించారు. దక్షిణాకాశంలో 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ చిలీలోని శాంటియాగోకు పడింది. అక్కడ పని సాగలేదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ నెలకొల్పి, తర్వాత నిజాం ప్రభుత్వం చేతికి వచ్చిన నిజామియా వేధశాల దాన్ని తీసుకుంది. బేగంపేటలో తీసిన ఆ పలకల మీద ముందే ఐదు మిల్లీమీటర్ల గళ్లు ముద్రించి ఉండేవి. సూక్ష్మదర్శిని కింద పెట్టి, ప్రతి చుక్కా తన గడి గీతల నుంచి ఎంత దూరంలో ఉందో కొలిచి, పద్దులో రాసుకోవాలి. లక్షల చుక్కలు, దశాబ్దాల పని. సంపుటాల అచ్చు 1940ల దాకా సాగింది. ఆ సంపుటాలు వచ్చిన కొత్తల్లో ఎవరికి ఎంత పనికొచ్చాయన్నది వేరే చర్చ. అంత కష్టపడి కొలిచిన కొలతలను దశాబ్దాలపాటు పెద్దగా ఎవరూ ముట్టుకోలేదని ఆ అంతర్జాతీయ ప్రయత్నాన్ని దెప్పినవారున్నారు. కానీ నక్షత్రాలు కూడా స్థిరంగా ఉండవు, కొద్ది కొద్దిగా జరుగుతాయి. అవి నూరేళ్ల కింద ఎక్కడున్నాయో తెలిస్తేనే ఆ జరుగుబాటు తెలుస్తుంది. 2000లో వచ్చిన టైకో-2 పట్టిక ఉపగ్రహం కొలతలను ఈ పాత గాజు పలకల కొలతలతో జోడించి నక్షత్రాల చలనాలను రాబట్టింది. 1930ల నాటి పలకను ఈనాడు మళ్లీ కొలవాలంటే, ఆ రాత్రి పక్క నక్షత్రం సరిగ్గా ఎక్కడుందో కావాలి. అది చెప్పగల ఆధారాల్లో బేగంపేట పద్దులూ ఉన్నాయి. ముందుగా ఏ లాభం చూసుకుని చేసిన పని కాదది. హెర్మెస్ కోసం చేసినదీ కాదు.

హెర్మెస్ విషయానికే వస్తే, పాత పలకలను మళ్లీ కొలిచే ఓపిక హైడెల్‌బర్గ్‌లోనే యోఆహిం షూబార్ట్, లుట్స్ ష్మాడెల్ చూపారు. కొలతలు పదును తేలాయి కానీ రాయి మాత్రం ఆకాశంలో తిరిగి కనబడితే తప్ప దొరకదు. 2003 అక్టోబరు 15న అమెరికాలోని ఆరిజోనాలో లోవెల్ వేధశాల సర్వేలో బ్రయన్ స్కిఫ్ ఒక కదిలే చుక్కను పట్టారు. కేంబ్రిడ్జి కేంద్రంలో తిమోతీ స్పార్ దాని దారికీ హెర్మెస్‌కూ పోలిక ఉందని గుర్తుపట్టారు. అప్పుడు అసలు పరీక్ష మొదలైంది. ఇది అదేనా? తేల్చడానికి జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో స్టీవ్ చెస్లీ, పాల్ చోడస్ కొత్త చుక్క దారిని వెనక్కి తిప్పారు. 66 ఏళ్లు, 31 చుట్లు, మధ్యలో భూమి, శుక్రుడు పదేపదే చేసిన వంపులు. చివరికి 1937 అక్టోబరు నాటి గీతల మీద ఆ దారి సరిగ్గా వచ్చి కూచుంది. ఆ రోజు స్కిఫ్ చుక్క, రైన్‌ముత్ గీత ఒకటే అయ్యాయి. హెర్మెస్‌ను కనుక్కున్న తేదీ రాయమంటే నేను రాసే తేదీ అదే. లెక్క మరో సంగతి కూడా బయటపెట్టింది. 1942 ఏప్రిల్ 26న హెర్మెస్ భూమికి సుమారు 6.3 లక్షల కిలోమీటర్ల దూరంలో, అంటే 1937 కంటే దగ్గరగా, దాటిపోయింది. అప్పుడు యుద్ధం మూలంగా యూరప్‌లో చాలా భాగం దీపాలార్పుకుని కూచుంది. విడ్డూరం ఏమిటంటే ఆకాశం అంత చీకటిగా దొరికిన రోజుల్లోనే ఎవరూ దాన్ని చూడలేదు. అరవయ్యొక్క ఏళ్ల తర్వాత కాగితం చెబితే గానీ ఆ రాకడ జరిగినట్టు తెలియలేదు. స్కిఫ్ చుక్క కనబడిన వారంలోనే ప్యూర్టోరికోలోని అరెసిబో రాడార్ హెర్మెస్ వైపు సంకేతాలు పంపి మరో ముడి విప్పింది. అది ఒక రాయి కాదు. ఒక్కొక్కటి కొన్ని వందల మీటర్ల, దాదాపు సమానమైన రెండు రాళ్లు, 14 గంటలకు కాస్త తక్కువలో ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి.

దీనికి రావాల్సిన ఆక్షేపణ వస్తుంది. రైన్‌ముత్ పలక లేకపోతే చెస్లీకి లెక్క ఎక్కడిది, చూసినవాడిని తక్కువ చేస్తున్నారు అని. ఒప్పుకుంటాను, గీత లేనిదే లెక్క లేదు. కానీ రైన్‌ముత్ గీత విలువను పెంచింది కూడా తర్వాతి లెక్కే. పలకను పారేయకుండా దాచినవారిది ఈ ఇద్దరికీ సమానమైన వాటా. మరో ఆక్షేపణ ఇంకా బలమైనది. ఇదంతా గాజు పలకల కాలం బలహీనత, ఈ కాలం కెమెరాలకు ఏదీ తప్పిపోదు అని. 2008 అక్టోబరు 6న ఆరిజోనాలో రిచర్డ్ కోవల్స్కీ చూసిన నాలుగు మీటర్ల రాయి ఇరవై గంటల తర్వాత ఉత్తర సూడాన్ మీద పేలింది. ఎక్కడ, ఎప్పుడు పడుతుందో ముందే చెప్పారు. పడినచోట ఖార్తూం విశ్వవిద్యాలయం విద్యార్థులు ఎడారిలో వరసకట్టి నడిచి ముక్కలు ఏరారు. దగ్గర్లోని రైల్వే స్టేషన్ పేరుమీద వాటిని అల్మహతా సిత్తా, అంటే ఆరో స్టేషన్, అన్నారు. హెర్మెస్‌కు ఐదు రోజులు చాలలేదు, దీనికి ఇరవై గంటలు చాలాయి. అయితే ఇరవై గంటల్లో ఎన్నో వేధశాలలు వందల కొలతలు తీశాయి, అడిగిన జోస్యం కూడా ఇరవై గంటలకే. రేపటి మాట చెప్పడం, అరవయ్యేళ్ల తర్వాతి మాట చెప్పడం ఒకటి కాదు. కెమెరా మారినంత మాత్రాన ఆ తేడా పోదు. అపోఫిస్ అనే గ్రహశకలం దానికి సాక్ష్యం. 2004 జూన్‌లో రెండు రాత్రులు కనబడి, డిసెంబరు దాకా కనబడకుండా పోయింది. మళ్లీ దొరికాక 2029లో భూమిని ఢీకొట్టే అవకాశం 2.7 శాతానికి పెరిగింది. ఎవరో ఆ ఏడాది మార్చి నాటి చిత్రాలు మళ్లీ తిరగేసి, అందులో మసగ్గా ఉన్న దాని జాడను కొలిచారు. జాడ పొడుగు మూడు నెలలు పెరిగింది, 2029 ప్రమాదం చెరిగిపోయింది. ఫ్లెమింగ్ బీరువాలో దొరికినదే మళ్లీ హార్డ్ డిస్కులో దొరికింది.

ఆ శాతాలను జనం చదివే తీరు గురించి ఒక మాట అనకుండా ఉండలేను. 2024 డిసెంబరు 27న చిలీలో కనబడిన 2024 వైఆర్4 అనే రాయి 2032లో భూమిని తాకే అవకాశం 2025 ఫిబ్రవరి 18న 3.1 శాతం అన్నారు. వారం తిరక్కుండానే అది దాదాపు సున్నాకు దిగింది. ముందు భయపెట్టి తర్వాత నాలిక కరుచుకున్నారని చాలామంది విసుక్కున్నారు. ఆ శాతం రాయిది కాదు, మన దగ్గరున్న జాడది. రాయి తన దారి మార్చుకోలేదు. 2032లో అది ఉండగల చోట్లన్నీ ఒక పొడవాటి పట్టీ అనుకుంటే, కొలతలు చేరేకొద్దీ ఆ పట్టీ కురచవుతుంది. భూమి ఇంకా ఆ పట్టీలో ఉన్నంతసేపూ భూమి వంతు పెరుగుతూ పోతుంది. పట్టీ చివర భూమిని దాటి కుంచించుకుపోగానే ఒక్కసారిగా పడిపోతుంది. అంకె ముందు పెరిగి తర్వాత కూలడమే ఆరోగ్యమైన లెక్క లక్షణం. 1937 నాటి పత్రికలు హెర్మెస్ గురించి భూమికి తృటిలో తప్పిందని రాశాయి. తప్పినది ఏమీ లేదు. మన లెక్కల ప్రకారం వచ్చే శతాబ్దంలో కూడా అది భూమిని తాకదు. అయితే ఆ సంగతి 1937లో ఎవరికీ తెలియదు, తెలిసే వీలూ లేదు. హాని జరగలేదు కాబట్టి తెలియకపోయినా నష్టం లేదనే వాదన నాకు రుచించదు. 1942లో ఏమీ కాలేదన్నది మనకు కలిసొచ్చిన మాట, సాధించిన మాట కాదు.

లెక్క ఒకసారి తేలితే శాశ్వతం అనుకోవడానికీ వీల్లేదు. అపోఫిస్ 2029లో భూమి ఉపరితలానికి దాదాపు 32,000 కిలోమీటర్ల ఎత్తున పోతుంది. భూస్థిర కక్ష్యలోని సమాచార ఉపగ్రహాలు తిరిగే ఎత్తు కంటే అది తక్కువ. భారత కాలమానంలో ఏప్రిల్ 14 తెల్లవారుజాము మూడుంబావు దాటాక. ఇప్పుడు అది సూర్యుడి చుట్టూ తిరగడానికి 324 రోజులు తీసుకుంటుంది. ఆ తెల్లవారుజామున భూమి దాని దారిని ఎంత వంచుతుందంటే, ఆ తర్వాత దాని ఏడాది మన ఏడాది కంటే పెద్దదవుతుంది. జాబితాలో అది ఉన్న వర్గం పేరు కూడా మారుతుంది. దాని మీద ఇప్పటికి వేసుకున్న పట్టికలు ఆ రాత్రితో పాతబడతాయి. 14వ తేదీ పొద్దెక్కకముందే కొత్త కొలతలు తీసుకోవడం మొదలుపెట్టాలి.